అర్హతకు మించిన ఆదరణ

సత్తెంపేట బజారులో ఇత్తడి సామాన్ల కొట్టు నడిపే తటవర్తి పెరుమాళ్ళు ఏ సంగతినైనా ముందు మనసులోని తక్కెట్లో వేసి చూస్తాడు. పొగడ్తయినా, పరామర్శయినా, సభలో కప్పిన శాలువా అయినా, దాని అసలు బరువెంత, కరగబెడితే పోయే తరుగెంత అని ఆలోచించాకే పుచ్చుకుంటాడు. అందుకే అతనికి స్నేహితులు తక్కువ, వాడుకదారులు ఎక్కువ.

అలాంటి మనిషి బ్లాగు రాయటానికి కూడా గిట్టుబాటు కారణమే ఉంది. కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళూ అవే ప్రశ్నలు అడిగేవారు. బిందెను చింతపండుతో తోమాలా, నిమ్మడిప్పతోనా? కళాయి ఎన్నాళ్ళకోసారి పూయించాలి? అడుగు మందమో పలచనో ఎలా తెలుస్తుంది? చెప్పీ చెప్పీ గొంతు అరిగిపోతోందని, జవాబులన్నీ ఒక్కసారి రాసి ఇంటర్నెట్‌లో పడేశాడు. దానికి ‘పెరుమాళ్ళు పాత్రల కబుర్లు’ అని పేరు పెట్టాడు. రోజుకు పాతిక ముప్ఫై మంది చూసేవారు. ఎక్కువగా ఇల్లాళ్ళు, కొద్దిమంది వంటవాళ్ళు. చూసినవాళ్ళలో సగం మంది ఆ నెల తిరక్కుండా కొట్టు మెట్లెక్కేవారు. పెరుమాళ్ళు లెక్కలో అది దిట్టమైన బ్లాగు.

ఆషాఢమాసం. బేరాలు లేని రోజులు. ఒక ఉదయం ఫోను తెరిచేసరికి ఆ పాతిక ముప్ఫై కాస్తా వేలల్లోకి వెళ్ళి కూర్చుంది. మర్నాటికి రెట్టింపయింది.

"కనకం, ఇలా రా. ఈ అంకె చూడు" అని భార్యను పిలిచాడు.

కనకరత్నం చేతిలో గరిటెతోనే వచ్చి తొంగిచూసింది. "ఎవరిదండీ ఈ ఫోన్ నెంబరు?"

"నెంబరు కాదే. నిన్న మన బ్లాగు చూసిన జనం."

"ఇంతమందా! మరి కొట్లోకి ఒక్క పురుగైనా రాలేదేంటి?"

"అదే నాకూ నచ్చటం లేదు."

ఇంకొకరైతే వీధంతా మిఠాయి పంచిపెట్టేవారు. పెరుమాళ్ళు ముఖం మాత్రం చిన్నబోయింది. కొట్టు ముందు జనం మూగి, ఒక్కరూ లోపలికి రాలేదంటే, గుమ్మంలో ఎవరో కళ్ళు తిరిగి పడిపోయి ఉండాలి. వ్యాపారంలో అతనికి తెలిసిన గుంపుల్లో కొనని గుంపంత చెడ్డది లేదు.

అతని అనుమానం వమ్ము కాలేదు. ఆ వారంలోనే కొట్టు ముందు జీపు ఆగింది.

దిగినాయన పేరు ముక్తేశ్వరరావు. అంతర్జాల సందర్శనల క్రమబద్ధీకరణ మండలికి జిల్లా ఉప సంచాలకులు. వెనకాలే సూపరింటెండెంటు సరోజని, ఆమె వెనక లక్క, గుడ్డపీలికలు, అగ్గిపెట్టె పట్టుకుని అటెండరు.

ఈ మండలి కొత్తది. ఆదాయానికి మించిన ఆస్తులు కూడబెట్టేవాళ్ళను పట్టుకోవటానికి చట్టం ఉంది గానీ, అర్హతకు మించిన ఆదరణ కూడబెట్టేవాళ్ళను పట్టుకునే నాథుడే లేడని పైవాళ్ళకు ఒకనాడు తోచింది. ఏ పదవీ, ఏ బిరుదూ, ఏ సిఫారసూ లేకుండానే కొందరిని జనం ఊరికే చదివేస్తున్నారు. ఇది ఇలాగే సాగితే పదవులున్నవాళ్ళ గతేమిటి? అందుకని ఏ బ్లాగుకైనా సరే, జనం పెరగదలుచుకుంటే ముందస్తు అనుమతి తీసుకోవాలని నియమం పెట్టి, దాని అమలుకు జిల్లాకొక ఆఫీసు తెరిచారు.

"తటవర్తి పెరుమాళ్ళు అనబడే వ్యక్తి మీరేనా?"

"ఆయ్, అనబడతానండి. కూర్చోండి. ఏం చూపించమంటారు? బిందెలా, గంగాళాలా?"

"మేము కొనుగోలు నిమిత్తం రాలేదు. మీ బ్లాగునందు ఆకస్మికమూ, అసహజమూ, అనుమతిరహితమూ అయిన వృద్ధి సంభవించినట్లు మండలి దృష్టికి వచ్చియున్నది. కారణం?"

"నా దృష్టికీ వచ్చిందండి. కారణమే తెలీటం లేదు."

ముక్తేశ్వరరావు వెనక్కి తిరిగాడు. "రాసుకోండి సరోజనిగారూ. కారణం తెలియదని నిందితుడు స్వచ్ఛందంగా అంగీకరించాడు."

"నిందితుడేంటండీ బాబూ!"

"సరే, లబ్ధిదారుడు అని రాయండి. ఇప్పుడు చెప్పండి. అంత జనాన్ని ఆకర్షించే గొప్పతనం మీ రాతల్లో ఏమైనా ఉన్నదా?"

పెరుమాళ్ళు నలభై ఏళ్ళుగా తనిఖీలకు వచ్చినవాళ్ళ ముందు సరుకును పొగడలేదు. అలవాటు చొప్పున, "గొప్పేముందండీ, గిన్నెలు తోముకోటం గురించి రాశాను" అన్నాడు.

"అనగా అర్హత లేదు. ఆదరణ ఉన్నది. మించిన భాగాన్ని జప్తు చేయవలసి ఉంటుంది."

"జనాన్ని ఎలా జప్తు చేస్తారండీ?"

ముక్తేశ్వరరావు కాసేపు గంగాళాల వంక చూస్తూ ఆలోచించాడు. "జనాన్ని జప్తు చేసే సదుపాయం మండలికి ఇంకా సమకూరలేదు. కావున ఆదరణకు మూలస్థానమైన ఈ దుకాణాన్ని సీలు చేస్తున్నాము."

"అయ్యా, అయ్యా! అంత పని ఎందుకండీ? ఇదిగో, ఆ బ్లాగే ఇప్పుడు పీకి పారేస్తాను. చూస్తుండండి."

"సాక్ష్యాధారాల ధ్వంసం!" అని ఉప సంచాలకులు ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. "అది ప్రత్యేక నేరం. బ్లాగు యథాతథంగా ఉండాలి. సందర్శనలు పూర్వపు సగటుకు దిగిన మరుక్షణం సీలు తొలగించబడును. అంతవరకు సహకరించండి."

అటెండరు అగ్గిపుల్ల గీశాడు. లక్క వాసన బజారంతా పాకింది.

కొట్టు లోపల శ్రావణమాసపు పెళ్ళిళ్ళ కోసం తెప్పించిన సామాను అంతా ఉంది. అదైనా తన సరుకే, కొంత నష్టం రాసుకోవచ్చు. కానీ వంట మేస్త్రి త్రిమూర్తులు గుండిగలు కూడా అందులోనే ఉన్నాయి. ఏటా ఆషాఢంలో అతను తన పెద్ద గుండిగలన్నీ కళాయికి ఇస్తాడు. కళాయి అయిపోయింది, చందమామల్లా మెరుస్తూ తాళం వెనక వరసగా బోర్లించి ఉన్నాయి.

త్రిమూర్తులు ఆ సాయంత్రమే పెరుమాళ్ళు ఇంటి అరుగెక్కాడు.

"ఏంటి శెట్టిగారూ, నా గుండిగలు గవర్నమెంటోళ్ళకి అప్పజెప్పేశారంట?"

"అప్పజెప్పలేదు త్రిమూర్తులూ. లోపల ఉండిపోయాయి."

"నాకు రెండూ ఒకటేనండి. శ్రావణం మొదటి లగ్గానికి రెండువేల విస్తళ్ళు ఒప్పేసుకున్నాను. పులుసు దేంట్లో కాయమంటారు, మీ ఫోన్లోనా?"

"శ్రావణం లోపు ఇప్పిస్తాను."

"ఇప్పించకపోతేనో?"

తలుపు వెనక నుంచి కనకరత్నం అందుకుంది. "ఇప్పించకపోతే నా ఇంట్లో సామానంతా పట్టుకుపో. చాలదంటే ఆయన్ని కూడా పట్టుకుపోయి పొయ్యి ఊదించుకో. గిన్నెలమ్ముకోవయ్యా మగడా అంటే రాతలు రాశాడు."

త్రిమూర్తులు నవ్వలేదు. "మా నాన్న కాణ్ణుంచీ మీ కొట్టేనండి. ఈ లగ్గం తప్పితే నాకు ఈ తట్టు ఇంకెవరూ వంట చెప్పరు. అది చూసుకోండి" అని దిగి వెళ్ళిపోయాడు.

సరుకు పోతే తెచ్చుకోవచ్చు. ఒకరి సామాను నమ్మకంగా పుచ్చుకుని తిరిగి ఇవ్వలేకపోయాడన్న మాట బజారులో పుడితే, దాన్ని ఏ కొలిమిలో వేసినా కరగదు. మర్నాటి నుంచి పెరుమాళ్ళు మండలి ఆఫీసు బల్ల మీద తన కొట్టులో కూర్చున్నంత క్రమంగా కూర్చోవటం మొదలుపెట్టాడు.

అక్కడ ఎదురుగా గోడ మీద, చక్కటి చట్రంలో ఒక వ్యాసం వేలాడుతోంది. పైన ‘పరిపాలనలో నా పాత్ర’ అని శీర్షిక. కింద ‘మొదటి విడత ప్రథమ బహుమతి, శ్రీ ముక్తేశ్వరరావు, ఉప సంచాలకులు’ అని ఉంది. పొద్దుపోక పెరుమాళ్ళు చదివాడు.

‘పాత్ర ఎంత పెద్దదైతే అడుగు అంత మందంగా ఉండాలని నేను వినమ్రంగా విశ్వసిస్తున్నాను. అడుగు పలచనైతే మాడుతుంది. కొత్త పాత్ర మెరుపు చూసి మోసపోరాదు. నా పాత్రను తిరగేసి, అడుగున వేలితో కొట్టి చూసుకునే హక్కు ప్రజలకు ఉన్నది. వాడినా వాడకపోయినా నా పాత్రను వారానికోసారి చింతపండుతో తోమించవలెనని సవినయంగా మనవి చేస్తున్నాను.’

పక్కనే న్యాయనిర్ణేతల మాట: ‘లోతైన భావన. నేలవిడవని తాత్వికత.’

పెరుమాళ్ళు మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ‘వినమ్రంగా’, ‘సవినయంగా’ తీసేస్తే మిగిలిందంతా తన చేతి సరుకే. తను రాసిన ‘మన ఇళ్ళలో పాత్ర ప్రాముఖ్యం’ అన్న ముక్క పొల్లు పోకుండా అక్కడుంది.

"సరోజనమ్మగారూ, ఇది అయ్యగారే రాశారాండీ?"

సరోజని అటూ ఇటూ చూసి నవ్వింది. "ఆయనకంత తీరికేదండీ? నేనే రాసిపెట్టాను. ప్రతి ఉద్యోగీ పరిపాలనలో తన పాత్ర గురించి వ్యాసం రాసి పంపాలని రాష్ట్రమంతా ఆర్డరొచ్చింది కదా. లేకపోతే ఇంక్రిమెంటు ఆపుతామన్నారు. మా పాత్రేంటో మాకేం తెలుసు? ఫోన్లో ‘పాత్ర ప్రాముఖ్యం’ అని కొట్టాను. పేరు చూడలేదు గానీ, పుణ్యాత్ముడెవరో రాసి పెట్టేశాడు. అందులోంచి అయ్యగారిది రాశాను, నాది రాశాను, మావారిది పశుసంవర్ధకశాఖ, ఆయనదీ రాశాను. మా ఆడపడుచుకి పంపితే వాళ్ళ ఆఫీసంతా రాసుకున్నారు."

"ఆ పుణ్యాత్ముణ్ణి నేనేనండి."

"అయ్యో!" అని సరోజని నాలుక కరుచుకుంది. "ఆ కళాయి సంగతి భలే రాశారండి. మావారికి పై ఆఫీసరు మెచ్చుకుంటూ ఫోన్ చేశారు."

దాగిన కారణం దొరికింది. రాష్ట్రంలోని ఉద్యోగులందరూ తమ పాత్రను వెతుక్కుంటూ వచ్చి తన గిన్నెల్లో పడ్డారు. వ్యాసాల చివరి విడత గడువు ఆ శనివారంతో సరి. ఆపైన ఒక్కరూ రారు. అంకె దానంతటదే దిగుతుంది. పెరుమాళ్ళు గుండెల నిండా ఊపిరి తీసుకుని, ఉప సంచాలకుల గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు.

ముక్తేశ్వరరావు ముఖం కాసేపు ఎరుపు, కాసేపు తెలుపు అయింది. "యావన్మంది ప్రభుత్వోద్యోగులూ మీ గిన్నెల రాతలు నకలు చేశారని ఆరోపిస్తున్నారా?"

"ఆరోపణ కాదండి. గోడ మీద ఉంది కదా, పోల్చి చూడండి. ఇటు నా బ్లాగు, అటు మీ వ్యాసం."

"మీ బ్లాగు నేను చదవలేదు, చదవను. విషయంలోకి వెళ్ళటం మండలి పరిధిలోనిది కాదు. సంఖ్య ఒక్కటే మా పరిధి." గొంతు తగ్గించాడు. "నా వ్యాసం బహుమతి పొందినది. బహుమతి పొందిన రచన మరొక దానికి నకలు కాజాలదు. అయితే గియితే మీరే నా భావాలను ముందుగా ఊహించి రాసి ఉండవచ్చును. అది వేరే విచారణ."

పెరుమాళ్ళు దండం పెట్టి బయటికి వచ్చాడు. తప్పుడు తూకపురాయి పట్టుకున్నవాడితో తూకం గురించి వాదించటం దండగ.

శనివారం వెళ్ళింది. గడువు ముగిసింది. ఆదివారం అంకె నిజంగానే దిగింది. సోమవారం పొద్దున పదిన్నరకు అంతకుముందెన్నడూ లేనంత ఎత్తుకు ఎగిరింది.

ఈసారి కారణం వెతకటానికి ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది. ‘అకారణ ఆదరణపై అప్రమత్తత’ అని మండలి అన్ని జిల్లాలకూ తాఖీదు పంపింది. ప్రతి జిల్లాలోనూ ఒక బృందం గంటగంటకూ పెరుమాళ్ళు బ్లాగు తెరిచి, అంకె చూసి, పైకి చెప్పాలి. పైవాళ్ళు అది సరైనదో కాదో మళ్ళీ తెరిచి చూసుకోవాలి. పెరుమాళ్ళు కూర్చునే బల్ల పక్కనే వరండాలో కొత్తగా కుర్చీలు వేసి కొంతమందిని కూర్చోబెట్టారు. వాళ్ళ పనల్లా వేలితో నొక్కటం, అంకె అరవటం.

"పెరిగిందండీ!" అని ఒకడు అరుస్తాడు.

"ఎంత?" అని గదిలోంచి ముక్తేశ్వరరావు అడుగుతాడు.

"ఉండండి, మళ్ళీ చూసి చెప్తాను... ఇంకా పెరిగిందండీ!"

"ప్రమాదకరం. సిబ్బందిని రెట్టింపు చేయండి."

సిబ్బంది రెట్టింపు కాగానే అంకె కూడా రెట్టింపయ్యేది. దానితో పరిస్థితి చేయి దాటుతోందని తేల్చి మళ్ళీ సిబ్బందిని పెంచేవారు. పెరుమాళ్ళు రెండు రోజులు చూసి, ఇక పట్టలేక లోపలికి వెళ్ళాడు.

"అయ్యా, చూసేదంతా మీ వాళ్ళేనండి. మీరు చూడటం ఆపేయండి. అదే తగ్గిపోద్ది."

"చూడకుండా ఉంటే, తగ్గిందని ఎలా తెలుస్తుంది?"

"తెలవకపోతే ఏమవుతుందండీ?"

ఆ ప్రశ్న ఉప సంచాలకులకు ప్రభుత్వ వ్యతిరేకంగా వినపడింది. "పర్యవేక్షణ లేని తగ్గుదలను మండలి గుర్తించదు" అని తలుపు వేయించాడు.

తర్వాత రాజధాని నుంచి ముగ్గురు నిపుణులతో కారణాన్వేషక సంఘం దిగింది. మొదటి నిపుణుడు, వస్తున్నవాళ్ళు మనుషులు కారు, మర బొమ్మలు అన్నాడు. మర బొమ్మలకు గిన్నెలు తోముకునే అవసరం లేదు గనక ఇది కుట్ర అని తేల్చాడు. రెండో నిపుణుడు, ఇత్తడిలో రాగి ఉంది, ఆ రాగి సముద్రాలు దాటి వస్తుంది, కాబట్టి సముద్రాల అవతల చూడాలి, తనకు విమానం టిక్కెట్టు కావాలి అన్నాడు. మూడో ఆయన సమాజశాస్త్రం చదివినవాడు. ఇది ఆషాఢమాసం కదా, కొత్త కోడళ్ళు పుట్టిళ్ళలో ఉంటారు, కొత్త అల్లుళ్ళు అత్తారింటి గడప తొక్కకూడదు, ఆ విరహంలో ఉన్న పడుచు భర్తలే రాత్రనక పగలనక బ్లాగులు చదువుతున్నారని సిద్ధాంతం చేశాడు.

మూడో సిద్ధాంతానికి టిక్కెట్టు ఖర్చు లేదు గనక మండలి దానికే మొగ్గింది. ఊరి చుట్టుపక్కల కొత్తగా పెళ్ళైన మగపిల్లలందరినీ జీపుల్లో తెచ్చి వరండాలో నిలబెట్టారు.

"నీ భార్య ఎక్కడుంది?" అని ముక్తేశ్వరరావు ఒకణ్ణి అడిగాడు.

"ఆషాఢం కదండీ, వాళ్ళమ్మగారింటికాడ ఉంది."

"ఆ బాధలో పెరుమాళ్ళు బ్లాగు చదివావా?"

"ఆ బాధలో గిన్నెల సంగతి చదువుతానాండీ?"

"చదవలేదని రుజువేమిటి?"

"చదివితే కదండీ అందులో ఏముందో నాకు తెలిసేది!"

"అయితే ఇప్పుడు చదివి, ఇంతకుముందు చదవలేదని ధ్రువీకరించు."

వాడు చదివాడు. వాడి వెనక వరసలో ఉన్నవాళ్ళంతా చదివారు. జీపులో కూర్చున్న డ్రైవర్లు కూడా ఏముందోనని చదివారు. ఆ సాయంత్రం అంకె చూసి మూడో నిపుణుడు తన సిద్ధాంతం సందేహాతీతంగా నిరూపణ అయిందని ప్రకటించాడు. సంఘం తన మధ్యంతర నివేదికలో ఇలా తేల్చింది: ‘కారణం ఒకటి తప్పక ఉన్నది. అది దొరకకపోవటమే దాని తీవ్రతకు నిదర్శనం. గడువు పొడిగించగలరు.’

శ్రావణం దగ్గర పడింది. త్రిమూర్తులు ఇప్పుడు అరవటం మానేశాడు. పొద్దునే వచ్చి అరుగు మీద కూర్చుంటాడు, మంచినీళ్ళిస్తే తాగుతాడు, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోతాడు. పెరుమాళ్ళుకు ఆ మౌనం తిట్ల కన్నా ఖరీదుగా తోచింది.

ఒకనాడు మధ్యాహ్నం ఆఫీసు బల్ల మీద కూర్చుని, ఉత్తి మాటగా సరోజనిని అడిగాడు. "అమ్మా, మీ మండలికి కూడా సైటేదో ఉందంటారు. దానికెంతమంది వస్తారండీ?"

సరోజని టీ గ్లాసు దించి పకపకా నవ్వింది. "ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు నొక్కారండి. తర్వాత అప్పుడప్పుడు నేను నొక్కుతాను. అదీ ఆయన ఫోటో వంకర పోయిందేమో చూడమంటేనే."

"ఉద్యోగులందరూ రోజూ చదివి తీరాలని బోర్డు మీద ఆర్డరు అంటించారు కదండీ?"

"ఆర్డరుందండి. చదివామని నెలనెలా సంతకం కూడా పెడతాం. సంతకం పెట్టాక ఇక చదవటం దేనికండీ?"

పెరుమాళ్ళు మనసులో తక్కెడ ఒక్కసారి ఇటునుంచి అటు మొగ్గింది. జనం చేత ఒకదాన్ని చూడనీయకుండా చేయాలంటే దాచిపెట్టి లాభం లేదు. చూసి తీరాలని ఆర్డరు వేయించాలి.

ఆ గురువారం మండలి కమిషనర్ వసుమతీదేవి సమీక్షకు వచ్చింది. పెరుమాళ్ళు కొత్త పంచె కట్టుకుని, నిమ్మకాయ పట్టుకుని వెళ్ళి ఆమె ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"అమ్మా, ఇంత ఆదరణ మోయటం నాలాంటి చిన్నవాడి వల్ల కాదండి. నా బ్లాగును మండలికి సమర్పించుకుంటాను. మీ సైటులో కలిపేసుకోండి. జనంతో సహా ఇచ్చేస్తాను."

కమిషనర్ కళ్ళు మెరిశాయి. తన సైటుకు జనం లేరని రాజధానిలో ఆమె చాలా మాటలు పడి ఉంది. ముక్తేశ్వరరావు మాత్రం లేచి నిలబడ్డాడు. "మేడమ్, ఆ ఆదరణ అర్హతకు మించినదిగా విచారణలో ఉన్నది. దాన్ని స్వీకరించటం..."

"కూర్చోండి. ప్రైవేటు వ్యక్తి వద్ద ఉన్నప్పుడు అది అర్హతకు మించినది. మన చేతికి రాగానే అది ప్రభుత్వ ఆదరణ. ప్రభుత్వ ఆదరణకు అర్హతతో నిమిత్తం లేదు." ఆమె పెరుమాళ్ళు వైపు తిరిగింది. "ప్రజాభాగస్వామ్యానికి మీరొక ఉజ్వల ఉదాహరణ. మీకేమైనా కోరిక ఉన్నదా?"

"ఒక్కటేనండమ్మా. ఉద్యోగులందరూ దాన్ని తప్పనిసరిగా చదవాలని ఆర్డరు వేయించండి. నా తృప్తి కోసం."

"అవశ్యం!"

మర్నాటికల్లా బ్లాగు మండలి సొత్తయింది. ‘పెరుమాళ్ళు పాత్రల కబుర్లు’ పోయి ‘సమీకృత పాత్రాభివృద్ధి అంతర్జాల ద్వారం’ వచ్చింది. తెరవగానే ముందు మంత్రిగారు నవ్వుతారు, తర్వాత కమిషనర్ నమస్కరిస్తారు, ఆపైన ముక్తేశ్వరరావు సందేశం ఇస్తాడు. అవన్నీ దాటినవాళ్ళు తమ పేరు, తండ్రి పేరు, గిన్నె తోముకోవలసిన కారణం నమోదు చేసుకుని, ఫోనుకు వచ్చే అంకెలు కొట్టాలి. ఆ అంకెలు ఫోనుకు రావు. ఎలాగో లోపలికి వెళ్ళగలిగినా, ‘చింతపండుతో తోమండి’ అని ఉన్నచోట ఇప్పుడు ‘ఆమ్లస్వభావ ఫలరసముచే పాత్రోపరితల మాలిన్య నివారణ గావించవలెను’ అని ఉంది.

చదివి తీరాలన్న ఆర్డరు అన్ని ఆఫీసులకూ చేరింది. అందరూ చదివినట్టు సంతకాలు పెట్టారు. సొంత సైటును తామే గంటగంటకూ అనుమానించటం మర్యాద కాదని వరండాలో కుర్చీలు ఎత్తేశారు.

అంకె తలుపు తీసిన గాదెలోంచి ధాన్యం జారినట్టు జారిపోయింది. వేలు వందలయ్యాయి. పూర్వపు సగటు దగ్గర ఒక్క పూట కూడా ఆగకుండా కిందికి దిగి, సున్నా మీద స్థిరపడింది. ఆ పాతిక ముప్ఫై మంది ఇల్లాళ్ళు కూడా రావటం మానేశారు. వాళ్ళను తలుచుకున్నప్పుడు పెరుమాళ్ళుకు గుండెలో కొంచెం తరుగు తగిలింది. మంచి వాడుకదారులు. కానీ గుండిగలు అవతలి పళ్ళెంలో ఉన్నాయి.

శ్రావణం రేపనగా అటెండరు వచ్చి లక్క పగలగొట్టాడు. త్రిమూర్తులు తన గుండిగలు ఒక్కొక్కటే ఎత్తి, లోపల ముఖం చూసుకుని, ట్రాక్టరులో పెట్టించాడు. "కళాయి బాగా కుదిరిందండి శెట్టిగారూ" అన్నాడు. ఆషాఢమంతటికీ కలిపి అతని క్షమాపణ అదే.

ఆదరణను సమూలంగా నిర్మూలించినందుకు ముక్తేశ్వరరావుకు సన్మానం జరిగింది. ఈ పద్ధతిని రాష్ట్రంలో జనం మెచ్చే తక్కిన బ్లాగులన్నింటికీ వర్తింపజేయాలని సభలో తీర్మానించారు కూడా.

శ్రావణ శుక్రవారం. పెరుమాళ్ళు కొట్లో కాలు పెట్టే సందు లేదు. బిందెల మీద పేర్లు కొట్టే చప్పుడు, బేరాల గోల, పాత సామాను తూకాలు. ఆ సందడిలో గుమ్మం మధ్యన ఎవరో కదలకుండా నిలబడ్డారు. పెరుమాళ్ళు తలెత్తి చూస్తే ముక్తేశ్వరరావు. జీపు లేదు, అటెండరు లేడు, భుజాలు జారి ఉన్నాయి.

"పెరుమాళ్ళుగారూ, మీతో చిన్న మాట. కమిషనర్‌గారికి కోపం వచ్చింది. ప్రైవేటు మనిషి దగ్గర వేలమంది చూసిన బ్లాగు, మన చేతికి రాగానే సున్నా ఎందుకైందని సంజాయిషీ అడిగారు. సోమవారం లోపల జనాన్ని చూపించకపోతే నన్ను మన్యం పంపుతారట."

"అయ్యో పాపం. కారణమేంటో కనుక్కున్నారాండీ?"

"సంఘం వేశాం. దొరకలేదు." దగ్గరికి జరిగి చెవిలో చెప్పినట్టు అడిగాడు. "అప్పట్లో మీరు ఏం చేసి రప్పించారండీ అంతమందిని? నాకొక్కడికే చెప్పండి, పైకి పొక్కనివ్వను."

"ఆనాడే మీ గదిలో నిలబడి చెప్పానండి. మీరు తలుపేయించేశారు."

ఉప సంచాలకులు కొట్లో కిక్కిరిసిన ఆడవాళ్ళ వైపు ఆశగా చూశాడు. "పోనీ, వీళ్ళంతా మీ మాట వింటారు కదా. బిందె కొన్నవాళ్ళ చేత తలొకసారి మా సైటు తెరిపించండి. మీకు పోయేదేముంది?"

"మేం అమ్మేది ఇత్తడండి. జనాన్ని అమ్మం" అన్నాడు పెరుమాళ్ళు, చెంబొకటి తక్కెట్లో పెడుతూ.

ముక్తేశ్వరరావు గుమ్మానికి అడ్డంగా అలాగే నిలబడిపోయాడు. వెనక మెట్ల మీద తల్లీకూతుళ్ళెవరో లోపలికి దారిలేక ఆగారు. కనకరత్నం పళ్ళేల దొంతర ఎత్తుకుని వస్తూ చూసింది.

"కాస్త పక్కకి జరగండి బాబూ" అంది. "కొనేవాళ్ళొస్తున్నారు."